హవా కొట్టి ఇంజన్ పాడు చేసేది మనం, జీతం కోసేది డ్రైవర్‌కు

పోస్టు పొడుగుంది. టీ తాగుతూ చదవండి, తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి.

ఈ ఎండాకాలంలో మన సంఘం ముందుకు మూడు పంచాయితీలు వచ్చాయి. మూడింటి కథా ఒకటే. పాత బండి, ఇంజన్ ఆయిల్ తాగుతోంది, బ్రీదర్ నుంచి పొగ, ఎత్తు ఎక్కాలంటే ఏడుపు. హెడ్ విప్పితే లైనర్లు అరిగి కనిపించాయి. ఓనరు ముందుగా అన్నమాట: "డ్రైవర్ సరిగ్గా తోలలేదు." రెండో మాట: "నెలనెలా జీతంలో పట్టుకుంటా." డ్రైవర్లు ముగ్గురూ ఆలూరు, రాయదుర్గం వైపు పిల్లలు. 1953లో గీత గీసినప్పుడు ఆ తాలూకాలు అటు పోయాయి, మన బళ్లారి ఇటు ఉంది. స్టీరింగ్ పట్టేవాళ్లు మాత్రం డెబ్బై ఏళ్లుగా ఆ గీత దాటి మన దగ్గరికే వస్తున్నారు. వాళ్లు మనల్ని అన్నా అంటారు, మనం వాళ్లను తమ్ముడూ అంటాం. జీతం కోసే రోజు ఆ వరసలు గుర్తుకు రావు.

మేం నలుగురం ఆ మూడు బండ్లనూ చూశాం. మాలో ఇద్దరం లారీ ఓనర్లం, ఒకరం ఇంజన్ పని చేసేవాళ్లం, ఒకరం పదహారేళ్లు తోలి దిగినవాళ్లం. మూడు బండ్లలోనూ ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కు పోయే గొట్టం విప్పి లోపల వేలు పెట్టి తుడిస్తే, వేలికి ఎర్రగా కుంకుమ మాదిరి అంటింది. ఫిల్టర్ దాటిన తర్వాత ఉండే గొట్టం అది. అక్కడ దుమ్ము ఉండనే కూడదు. ఉందంటే పిస్టన్ దాకా పోయిందని అర్థం. గేరు ఎట్లా వేశాడు, క్లచ్ ఎట్లా తొక్కాడు అనే ప్రశ్నలు ఆ తర్వాత వస్తాయి. మన ఓనర్లలో ఒక్కరు కూడా ఆ గొట్టం విప్పి చూడకుండానే తీర్పు చెప్పేశారు.

కాబట్టి ఈ పోస్టు డ్రైవర్ల కోసం కాదు, మన కోసం.

మనం తోలేది ఏ మట్టిలోనో ముందు గుర్తు చేసుకుందాం. సండూరు కొండల ఖనిజం హెమటైట్. దాని పొరల మధ్య క్వార్ట్జ్ కలిసి ఉంటుంది. కన్నడంలో ధూళు అన్నా, తెలుగులో దుమ్ము అన్నా, ఇంజన్‌కు అది ఎమరీ పేపర్. క్వార్ట్జ్ గట్టితనం ముందు లైనర్ పోత ఇనుము ఓడిపోతుంది. ఇందులో ప్రమాదం కంటికి కనిపించే గరుకు ఇసుక కాదు, అది ఫిల్టర్ దాకా పోకముందే కింద పడుతుంది. చంపేది 5 నుంచి 20 మైక్రాన్ల సన్న పొడి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, దానిలో నాలుగో వంతు, పదో వంతు అనుకోండి. రింగుకూ లైనర్‌కూ మధ్య ఉండే ఆయిల్ పొర మందం కూడా కొన్ని మైక్రాన్లే. అందుకే ఆ సైజు పొడి సరిగ్గా అక్కడే ఇరుక్కుని రెండు వైపులా గీకుతుంది.

ఇప్పుడు కొంచెం లెక్క. మనలో సగం మంది దగ్గర ఉన్నది టాటా 697 ఇంజన్. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, 5675 సీసీ. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి ఆ సీసీ అంత గాలి పీలుస్తుంది. 2000 ఆర్పీఎం మీద నిమిషానికి వెయ్యిసార్లు. సిలిండర్ పూర్తిగా నిండదు కాబట్టి 85 శాతం వేసుకున్నా నిమిషానికి దాదాపు 4,800 లీటర్లు, గంటకు 290 ఘనపు మీటర్లు. ముందు బండి కనిపించనంత దుమ్ము లేచినప్పుడు ఘనపు మీటరు గాలిలో దాదాపు ఒక గ్రాము పొడి ఉంటుంది. అంటే అలాంటి దుమ్ములో గంట తోలితే ఎయిర్ క్లీనర్ మూతి దగ్గరికి పావు కిలో పైన మట్టి వస్తుంది. రోజంతా అంత దుమ్ము ఉండదు, నిజమే. పదో వంతే వేసుకోండి, కింద చెప్పే నిష్పత్తి మారదు.

మంచి కాగితం ఎలిమెంట్ ఆ మట్టిలో 99.9 శాతం ఆపుతుంది. నాసిరకం 99 శాతం ఆపుతుందని అనుకుందాం. "ఒక్క శాతం కూడా తేడా లేదు కదప్పా" అంటారు మనవాళ్లు. ఆపినది కాదు, వదిలింది చూడండి. ఒకటి వెయ్యిలో ఒక వంతు వదిలింది, రెండోది వందలో ఒక వంతు. పది రెట్లు. పది గంటలకు ఒక దానిలో 2.9 గ్రాములు పోతే, రెండో దానిలో 29 గ్రాములు. బంగారం అయితే పావు తులానికీ రెండున్నర తులాలకూ తేడా ఎంతో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. హవా కొట్టడం.

ట్రిప్ అయిపోగానే పంక్చర్ షాపు ముందు బండి ఆపడం, ఎలిమెంట్ పీకడం, ముందు టైరుకేసి నాలుగు దెబ్బలు కొట్టడం, తర్వాత టైరుకు పట్టే అదే పైపుతో సర్రుమని గాలి కొట్టడం. ఎర్ర మేఘం లేస్తుంది. క్లీనర్ పిల్లాడు తుమ్ముతాడు. ఓనరుకు తృప్తి. "చూడు, ఎంత మట్టి పోయిందో!" ఇది మన ఊళ్లో ఫిల్టర్ మెయింటెనెన్స్.

లారీ టైరుకు పట్టే గాలి వంద పౌండ్లు దాటుతుంది. కాగితం ఎలిమెంట్‌కు, అసలు కొట్టక తప్పకపోతే, 30 పౌండ్లు దాటకూడదు. అదీ లోపలి నుంచి బయటికి, పైపు మూతి దూరంగా పట్టుకుని. వంద పౌండ్ల గాలి దగ్గర నుంచి తగిలితే కాగితం మడత చీలుతుంది. ఆ చీలిక మన కంటికి కనిపించదు. 10 మైక్రాన్ల పొడికి అది బైపాస్ రోడ్డు. ఇక టైరుకేసి కొట్టిన దెబ్బకు రేకు మూత వంగుతుంది, రబ్బరు సీలు ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం అవుతుంది. డబ్బాలో ఎంత బిగించినా ఆ పల్లం దగ్గర గాలి ఫిల్టర్ గుండా కాకుండా పక్క నుంచి పోతుంది.

ఇంకో సంగతి మన మెకానిక్‌లు కూడా చాలామంది నమ్మరు. కాగితం ఎలిమెంట్ కొత్తగా ఉన్నప్పటి కంటే కొంచెం మట్టి పట్టాకే బాగా పనిచేస్తుంది. పైన పట్టిన మట్టి పొరే ఇంకో జల్లెడ అవుతుంది. కాఫీ వడపోసేటప్పుడు పొడి పేరుకున్నాక డికాక్షన్ తేటగా దిగినట్టే. మనం రోజూ ఆ పొరను ఊడగొట్టి, మళ్లీ మొదటి నుంచి సన్న పొడిని లోపలికి పంపుతున్నాం. పైగా డబ్బా తెరిచిన ప్రతిసారీ ఎలిమెంట్ బయటికి లాగేటప్పుడు దాని మీది మట్టి కొంత శుభ్రమైన వైపు రాలుతుంది. అక్కడి నుంచి నేరుగా ఇంజన్‌లోకే. ఎంత ఎక్కువ సార్లు శుభ్రం చేస్తే అంత ఎక్కువ మట్టి తినిపిస్తున్నాం.

"ఇరవై ఏళ్లుగా హవా కొడుతున్నాం, ఏమైంది?" అని అడిగే పెద్దలున్నారు. పెద్దలు క్షమించాలి. ఏమైందో మీ గ్యారేజీ పుస్తకంలోనే ఉంది. ఆ ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు లైనర్, పిస్టన్ కిట్ వేయించారో లెక్క తీయండి. అదే మోడల్ బండి కడప వైపు తారు రోడ్డు మీద సిమెంటు తోలిన మన బంధువుల పుస్తకం పక్కన పెట్టి చూడండి. ఇంజన్ పని అంటే ఎండాకాలం, వానాకాలం మాదిరి దానికదే వస్తుందనుకున్నాం కాబట్టి ఎవరూ కారణం అడగలేదు.

ఇంకా ఘోరమైన వాళ్లున్నారు. ఎలిమెంట్‌ను సర్ఫు నీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేసేవాళ్లు. డీజిల్‌తో కడిగేవాళ్లు. బయట పాత చీర ముక్క చుట్టి "డబుల్ ఫిల్టర్" అనేవాళ్లు. కాగితం నీళ్లలో నానితే ఉబ్బి, దాన్ని పట్టి ఉంచే జిగురు సడలుతుంది, ఆరాక మడతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. డీజిల్ తడికి మట్టి ముద్దై కూర్చుంటుంది. ఇక చీర ముక్క గాలిని బిగబడుతుందే కానీ సన్న పొడిని ఆపదు. చీర చుట్టిన బండి నల్ల పొగ కక్కుతూ ఎత్తు ఎక్కుతుంటే, "పంపు సెట్ చేయించాలి" అని మళ్లీ డీజిల్ పంపు విప్పేది కూడా మనమే. పంపు షాపులకు మనం చేసిన దానం ఇంకెవరూ చేసి ఉండరు.

ఇక్కడ ఒక తేడా అందరూ తెలుసుకోవాలి. ఫిల్టర్ మూసుకుపోతే నల్ల పొగ వస్తుంది, లాగదు, మైలేజీ పడిపోతుంది. కొత్త ఎలిమెంట్ వేస్తే తగ్గిపోతుంది. ఫిల్టర్ చిరిగితే మొదట్లో ఏ లక్షణమూ కనిపించదు. బండి హాయిగా పోతుంది, ఇంకా బాగా లాగుతున్నట్టు కూడా ఉంటుంది. నెలల తర్వాత నీలి పొగ, ఆయిల్ తాగడం, బ్రీదర్ బుసబుస. అప్పటికి చేసేదేమీ ఉండదు. మనవాళ్లు మూసుకుపోవడానికి భయపడి చించుకుంటున్నారు. మూసుకుపోతే ఒక ఎలిమెంట్ ఖర్చు, అది వందల్లోనో ఒకటి రెండు వేలల్లోనో తేలుతుంది. చిరిగితే ఇంజన్ పని, దాని బిల్లు ఐదంకెల దగ్గర మొదలవుతుంది.

మరి ఎప్పుడు మార్చాలి? "రెండు నెలలకోసారి", "పదివేల కిలోమీటర్లకు" అనే మాటలు తారు రోడ్డు బండికి సరిపోవచ్చు. తోరణగల్లు రోడ్డులో ఒకే నెలలో ఒక బండి ఫిల్టర్ నిండుతుంది, పక్క బండిది సగం కూడా నిండదు. తెలుసుకోవడానికి ఎయిర్ క్లీనర్ గొట్టం మీద ఒక చిన్న ప్లాస్టిక్ ఇండికేటర్ ఉంటుంది. ఫిల్టర్ బిగబట్టేకొద్దీ లోపలి లాగుడు పెరిగి అందులో ఎర్ర గుర్తు పైకి వస్తుంది. సాధారణంగా టర్బో లేని ఇంజన్‌కు నీటి మట్టంలో 20 అంగుళాలు, టర్బో ఉన్నదానికి 25 అంగుళాల దగ్గర మార్చమంటారు. ఎరుపు పూర్తిగా వచ్చేదాకా ఎలిమెంట్ ముట్టుకోకూడదు. కష్టమైనా సరే, ముట్టుకోకూడదు! మేం చూసిన బండ్లలో ఇండికేటర్ ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊడిపోతే ఆ రంధ్రంలో పుల్ల గుచ్చి పైన ఎంసీల్ పూసిన బండి ఒకటి. పుల్ల కూడా లేని బండి ఇంకొకటి, అంటే మూడు నెలలుగా ఆ రంధ్రం గుండా ఫిల్టర్ చేయని గాలి పోతోంది. కొన్ని వందల రూపాయల వస్తువు. దేవుడి పటానికి వేసే దండకు ఏడాదికి మనం పెట్టేది అంతకన్నా జాస్తి.

రెండు ఎలిమెంట్లు ఉండే బండ్ల సంగతి వేరే చెప్పాలి. బయటిది పెద్దది, లోపలిది చిన్నది, సేఫ్టీ అంటాం. బయటిది మార్చే ఆ కాసేపు, లేదా అది చిరిగినప్పుడు, ఇంజన్‌ను కాపాడటానికే లోపలిది. దానికి హవా కొట్టడం అసలు లేదు. బయటిది మూడుసార్లు మార్చాక నాలుగోసారి లోపలిది కూడా కొత్తది వేయడం పద్ధతి. మనవాళ్లు ఏం చేస్తున్నారు? "గాలి ఫ్రీగా పోతుంది" అని లోపలిది తీసి పారేస్తున్నారు. తీసిన వారంలో బండి బాగా లాగిందని గర్వంగా చెప్పుకునేవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు, పేరు చెప్పం.

డబ్బా అడుగున బాతు ముక్కు మాదిరి ఒక రబ్బరు ఉంటుంది. ఇంజన్ వేగం మారినప్పుడు అది కదిలి, తిరుగుతున్న గాలి విసిరికొట్టిన ముతక మట్టిని కింద రాలుస్తుంది. అది ఊడిపోయిన బండ్లు ఎన్నో లెక్కలేదు. ఊడిపోతే చక్రాలు లేపిన దుమ్ము ఆ రంధ్రం నుంచే పైకి పోతుంది, కొత్త ఎలిమెంట్ కూడా నాలుగు రోజుల్లో నిండుతుంది. "ఈ కంపెనీ ఫిల్టర్ దండగ" అని కంపెనీని తిట్టుకుంటాం.

గొట్టాలు, క్లిప్పులు కూడా అంతే. ఎయిర్ క్లీనర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉన్న రబ్బరు హోసు ఇంజన్ ఊగిన ప్రతిసారీ రేకుకు రాసుకుని కింది వైపు అరుగుతుంది. పైనుంచి చూస్తే కొత్తదే. చెయ్యి కిందికి పెట్టి తడిమితే తెలుస్తుంది. క్లిప్పు పోతే బైండింగ్ వైరు చుట్టే అలవాటు ఒకటి. వైరు రెండు చోట్ల బిగిస్తుంది, మిగతా చుట్టూ వదిలేస్తుంది. ప్రపంచంలోనే మంచి ఫిల్టర్ వేసినా దాని తర్వాతి గొట్టంలో వేలు దూరేంత సందు ఉంటే ఫిల్టర్ ఉన్నా లేనట్టే. చాలా బండ్లలో బ్రేకు గాలి పట్టే కంప్రెసర్ కూడా ఇక్కడి నుంచే గాలి తీసుకుంటుంది. ఆ సన్న పైపు జాయింటు ఎవరూ చూడరు. అక్కడ లీకుంటే ఇంజన్‌తో పాటు కంప్రెసర్ రింగులూ పోతాయి.

ఇప్పుడు పాత లేలాండ్, పాత టాటా బండ్ల ఆయిల్ బాత్ గురించి. దీని మీద మాలోనే రెండు రాత్రులు గొడవ జరిగింది. మా నలుగురిలో పెద్దాయన ఆయిల్ బాత్ మనిషి. "కొనేది లేదు, మార్చేది లేదు, డీజిల్‌తో కడిగి ఆయిల్ పోస్తే తరాలు నడిచింది" అంటారు. నిజమే. దారిలో ఎక్కడైనా శుభ్రం చేసుకోవచ్చు, డూప్లికేట్ భయం లేదు. అయితే ఆయిల్ బాత్ పనిచేసేది గాలి వేగం మీద. గాలి జోరుగా వచ్చి ఆయిల్ మీద తిరగబడితేనే మట్టి అందులో పడుతుంది. ఐడిలింగ్‌లో గాలి మెల్లగా వస్తుంది, మట్టి గాలితోనే జాలీ దాటి పోతుంది. మన బండ్లు ఎక్కడ ఐడిలింగ్‌లో ఉంటాయి? కాటా దగ్గర లైనులో. గంటల తరబడి. పక్క నుంచి లోడు బండ్లు దుమ్ము లేపుతూ పోతుండగా. అంటే ఆయిల్ బాత్ బలహీనంగా ఉండే వేళ, దుమ్ము ఎక్కువ ఉండే వేళ ఒకటే. పెద్దాయన ఈ మాటకు జవాబు చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు.

అందుకని మా మాట ఇది. ఆయిల్ బాత్ ఉంచుకునేవాళ్లు ఈ లైనులో తోలేటప్పుడు రోజూ గిన్నె విప్పి చూడాలి. అడుగున అర అంగుళం బురద చేరితే పారబోసి, గిన్నె తుడిచి, గీత దాకా మాత్రమే కొత్త ఆయిల్ పోయాలి. గీత దాటి పోస్తే ఇంజన్ ఆ ఆయిల్‌ను పీల్చి తనకు తానే వేగం పెంచుకుంటుంది, డీజిల్ ఆపినా ఆగదు. తక్కువ పోస్తే మట్టి ఆగదు. నల్లబడిన పాత ఇంజన్ ఆయిల్ మళ్లీ అందులో పోసే పొదుపు వద్దు. పై జాలీ కూడా కడిగి, కారడం పూర్తిగా ఆగాకే బిగించాలి. కాటా లైనులో అరగంట దాటితే ఇంజన్ ఆపండి, డీజిల్ కూడా మిగులుతుంది. ఇవన్నీ చేసే ఓపిక లేనివాళ్లు కాగితం ఎలిమెంట్‌కు మారడమే మేలు. అయితే మారేటప్పుడు గుజిరీలో దొరికిన ఏదో డబ్బా తగిలించడం కాదు. టర్బో ఉన్న ఇంజన్ అదే సీసీకి ఎక్కువ గాలి తాగుతుంది. టర్బో లేని బండి డబ్బా దానికి పెడితే కొత్త ఎలిమెంట్‌తోనే ఊపిరాడదు.

ఎంపిక మాట వచ్చింది కాబట్టి గ్రూపులో తిరుగుతున్న ప్రతిపాదన గురించి కూడా చెప్పాలి. సంఘం తరఫున వందల లెక్కన ఎలిమెంట్లు ఒకేసారి కొంటే ఒక్కోటి సగం ధరకు వస్తుందట. మేం వ్యతిరేకం. కలిసి కొనడానికి వ్యతిరేకం కాదు, చూడకుండా కొనడానికి. శాంపిల్‌గా వచ్చిన ఎలిమెంట్ పొడవు, వెడల్పు అన్నీ సరిగ్గా ఉన్నాయి, డబ్బాలో చక్కగా కూర్చుంటుంది. కూర్చోవడం వేరు, పనిచేయడం వేరు. మడతలు లెక్కపెట్టండి. ఉదాహరణకు 35 సెంటీమీటర్ల ఎత్తు, 4 సెంటీమీటర్ల లోతు మడతలు 150 ఉంటే కాగితం వైశాల్యం 4.2 చదరపు మీటర్లు. అదే సైజులో 110 మడతలే ఉంటే 3.1 కూడా రాదు. బయటికి రెండూ కవలల్లాగే ఉంటాయి. తక్కువ కాగితం గుండా అదే గాలి పోవాలంటే వేగం పెరుగుతుంది, త్వరగా మూసుకుపోతుంది, మళ్లీ హవా దగ్గరికే పోతాం. అట్లాగని మడతలు ఒకదాన్నొకటి తాకేంత కుక్కినా లాభం లేదు, తాకిన చోట గాలి పోదు. మడతల దూరం చుట్టూ ఒకేలా ఉండాలి.

తర్వాత సీలు బొటనవేలితో నొక్కండి. మంచి రబ్బరు వెంటనే లేస్తుంది, స్పాంజి మాదిరిది గుంటగా ఉండిపోతుంది. కాగితం రేకు మూతను కలిసే చోట జిగురు తెగకుండా చుట్టూ ఉందా చూడండి. చీకటి గదిలో లోపల టార్చి పెట్టి తిప్పండి. వెలుతురు అంతటా ఒకే మసకగా కనిపించాలి. సూదిమొనంత చుక్క మెరిసినా అది కొనకూడదు. శాంపిల్‌ను మేం ఇట్లా చూశాం. మూడు చుక్కలు మెరిశాయి. కొత్త పెట్టెలోంచి తీసిన దాంట్లో! పెట్టె మీద ముద్ర మాత్రం పెద్ద కంపెనీదే. ఆ కంపెనీకి ఈ సంగతి తెలియదనే మా నమ్మకం, అందుకే పేరు రాయడం లేదు.

ఈ మాటలన్నీ బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఇంగ్లీషులో. డబ్బా మీద స్టిక్కర్ ఇంగ్లీషు, హిందీ. మన డ్రైవర్ తెలుగు చదువుతాడు, మెకానిక్ కన్నడం చదువుతాడు లేదా ఉర్దూ మాట్లాడతాడు. నలభై ఏళ్లుగా ఎవరూ వాళ్లకు వాళ్ల భాషలో ఒక్క ముక్క రాసి ఇవ్వలేదు. ఉగాదికి స్టేజీ, షామియానా, మైకు సెట్టు, శాలువాలు, దేనికీ మనం వెనకాడం. రాఘవ ఊరు, నాటకం ఆడితే ఘనంగానే ఆడాలి, దానికి మేం అడ్డం చెప్పం. కానీ మన సభ్యుల్లో ఇన్ని ఇళ్లకు అన్నం పెట్టే లారీ గురించి తెలుగులో, కన్నడంలో ఒక్క పేజీ అచ్చు వేయించడానికి ఈ సంఘం ఎన్నడూ పది రూపాయలు ఖర్చు పెట్టలేదు. భాషను కాపాడటం అంటే పద్యాలు మాత్రమే అని ఎవరు చెప్పారు?

పాత బండ్ల మీద కత్తి ఎట్లాగూ వేలాడుతోంది. 15 ఏళ్లు దాటిన వాటికి ఎఫ్‌సీ ఫీజులు 2022 నుంచి ఎన్నో రెట్లు పెరిగాయి. పొగ పరీక్షలో మన పాత డీజిళ్లకు పరిమితి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు. మూసుకుపోయిన ఫిల్టర్‌తో పోతే ఆ గీత దాటుతాం, అరిగిన రింగులతో పోయినా దాటుతాం. 2011 జూలైలో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపినప్పుడు ఎన్ని బండ్లు రోడ్డు పక్కన నిలబడి తుప్పు పట్టాయో, ఫైనాన్స్ వాళ్లు ఎన్ని ఎత్తుకుపోయారో మనకు తెలుసు. అది మన చేతిలో లేనిది. ఇది ఉంది. కొత్త బండి కొనే స్తోమత లేనివాళ్లమే ఈ పాత ఇంజన్లను నమ్ముకున్నాం. అంత నమ్ముకున్నదానికి టైరు గాలి కొట్టి చించుకుంటున్నాం.

ఇక డ్రైవర్ల సంగతి. హవా కొట్టించుకు రమ్మని పంపింది ఎవరు? ఓనరే. కొత్త ఎలిమెంట్ అడిగితే "ఇంకో పది రోజులు నడిపించు" అన్నది ఎవరు? ఓనరే. లోపలి ఎలిమెంట్ పీకేయమన్నది, డూప్లికేట్ తెచ్చి ఇచ్చింది కూడా ఓనరే. ఆ మూడు పంచాయితీల్లో ఒక డ్రైవర్ తన ఫోన్‌లో ఓనరుకు పంపిన మెసేజీలు మాకు చూపించాడు. ఫిల్టర్ అయిపోయిందన్నా అని ఒకటిన్నర నెలలో నాలుగుసార్లు. జవాబుగా ఒక్కసారి బొటనవేలి బొమ్మ వచ్చింది, అంతే. ఆ పిల్లాడికి నెలకు మూడు వేలు కోయాలని తీర్పు చెప్పబోయారు. వాళ్ల అమ్మ ఆలూరులో మందుల కోసం ఆ డబ్బుకు ఎదురుచూస్తోంది. మేం అడ్డం పడ్డాం కాబట్టి ఆగింది. ఇంకా తేలలేదు.

డ్రైవర్లందరూ బంగారం అని మేం అనడం లేదు. వేడెక్కిన బండిని ఆపకుండా తోలి హెడ్ పగలగొట్టినవాళ్లు ఉన్నారు, డీజిల్ అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. వాటికి వేరే విచారణ ఉంటుంది. దుమ్ము తిన్న ఇంజన్‌కు మాత్రం సాక్ష్యం గొట్టంలోనే ఉంటుంది, వేలు పెడితే చెబుతుంది. ఇక మీద లైనర్ అరుగుదల మీద పంచాయితీ వస్తే, ఎలిమెంట్ ఏ తేదీన ఏ రీడింగ్ దగ్గర మార్చారో ఓనరు రాసిన పుస్తకం చూపించాలి. పుస్తకం లేని ఓనరు జీతం కోత అడగడానికి వీల్లేదు. పుస్తకం ఉంటే, ఇండికేటర్ ఎర్రబడినా డ్రైవర్ చెప్పలేదని తేలితే, అప్పుడు మాట్లాడదాం. సంఘం ఈ తీర్మానం చేయాలని మేం అడుగుతున్నాం. దీంతో పాటు తెలుగు, కన్నడ పేజీ అచ్చు వేయించాలి, క్యాబిన్‌లో డ్రైవర్ కంటికి ఎదురుగా అతికించాలి. రాసి ఇచ్చే బాధ్యత మాది. బల్కు కొనుగోలు టార్చి పరీక్ష అయ్యేదాకా ఆపాలి.

వచ్చే ఆదివారం సమావేశానికి ఎవరి బండి ఎలిమెంట్ వాళ్లు సంచిలో వేసుకుని రండి. హవా కొట్టకుండా, ఉన్నది ఉన్నట్టు తీసుకురండి. బయటికి తీసేటప్పుడు గొట్టం మూతికి శుభ్రమైన బట్ట కట్టడం మర్చిపోవద్దు. టార్చి మేం తెస్తాం. ఆ మూడు బండ్ల ఓనర్లూ రావాలి, డ్రైవర్లను కూడా పక్కన కూర్చోబెట్టుకుని రావాలి.